పాత హోమ్ సర్వర్: బాగు చేయించాలా, మార్చాలా? బెజవాడ ఇంటికి సరిపోయే లెక్క

కిందటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం మూడింటికి మా ఇంటి సర్వర్, అంటే ఇంటిల్లిపాది ఫైళ్ళూ దాచే కంప్యూటర్, దానంతటదే ఆగిపోయింది. ఆన్ చేస్తే పది నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. 2014లో గవర్నర్‌పేటలో విడిభాగాలు కొనుక్కొచ్చి నేనే బిగించుకున్న పెట్టె అది. ఇంటెల్ ఐ5 4570 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, నాలుగు 2 టీబీ డిస్కులు. నాన్నగారి ఉత్తరాల స్కాన్లు, పొలం దస్తావేజులు, అమ్మ పాడిన మంగళహారతులు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎంతైనా దాచుకునే వీలు పోయాక, మా ఇంట్లో ఐదు ఫోన్ల ఫొటోలూ ఇమ్మిచ్ అనే ఫొటోల ప్రోగ్రాం ద్వారా అక్కడికే చేరుతున్నాయి.

ఆ వారం తలా ఒక సలహా ఇచ్చారు. షాపతను, "సార్, ఇది బోర్డు పోయే టైము. దీని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే, కొత్తది తీసుకోండి" అన్నాడు. హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మంచి నాస్ ఒకటి కొనేయ్, నీకీ గొడవ ఉండదు" అన్నాడు. నాస్ అంటే ఫైళ్ళు దాచడానికే కంపెనీ తయారుచేసి అమ్మే పెట్టె. ఇద్దరూ మంచి కోరే చెప్పారు. కానీ అసలు ఆ పెట్టెలో ఏది ముసలిదైందో ఇద్దరూ అడగలేదు. మార్చాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

ముందు మూత తీయండి

సర్వర్ పాతబడింది అంటాం గానీ లోపలివన్నీ ఒకే వేగంతో పాతబడవు. ప్రాసెసర్, ర్యామ్ దాదాపుగా అరగవు. డిస్కులు, ఫ్యాన్లు తిరిగేవి కాబట్టి అరుగుతాయి. ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు, పెట్టెకి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. ఇవి కాక బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ ఒకటుంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగిపోతాయి. చూసేవాళ్ళకి బోర్డే పోయినట్టు ఉంటుంది.

మా పెట్టె తెరిస్తే ప్రాసెసర్ మీద వేడి తీసే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుపోయి ఉంది. పేస్టు గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. బ్లోయర్ కొట్టించి, పేస్టు పూసి, బ్యాటరీ, ఒక ఫ్యాను మార్చాను. వెయ్యి రూపాయలు కూడా కాలేదు. మధ్యాహ్నం పూట ఆగిపోవడం ఆ రోజుతో పోయింది.

తర్వాత డిస్కులు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ ఇస్తే ప్రతి డిస్కూ తన ఆరోగ్యం తానే చెబుతుంది. ఏడాదంతా ఆగకుండా తిరిగితే 8,760 గంటలు. మావాటిలో రెండు 90 వేల గంటలు దాటేశాయి. గంటలు ఎక్కువైనంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. చూడాల్సింది 5, 197, 198 నంబర్ల వరసలు. పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు అక్కడ కనిపిస్తాయి. చివర ఉండే రా విలువ సున్నా కాకపోతే కాపీ తీసుకోవాలి, వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కుని నమ్మకూడదు. 199వ నంబరు పెరుగుతుంటే మాత్రం కంగారు పడొద్దు. అది చాలాసార్లు డిస్కు తప్పు కాదు, దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ తప్పు. మా నాలుగింట్లో ఒకదానికి 197 పెరుగుతోంది, ఇంకోదానికి 199. కేబుల్ మార్చగానే రెండోది నిలిచిపోయింది.

మీ ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరం గానీ ఆ పైది గానీ అయి, తేలిన జబ్బులు ఇలాంటివే అయితే నా సలహా ఒక్కటే: పెట్టె మార్చకండి. ఆ డబ్బుతో కొత్త డిస్కులు కొనండి. మాది నాలుగో తరం (4570లోని మొదటి 4 అదే). డీడీఆర్3 బోర్డులు కొత్తవి దొరకడం కష్టమైపోయింది. శుభ్రం చేయడం వల్ల నాకు దొరికింది వ్యవధి. బోర్డు పోయిన రోజున పరుగెత్తి చేతికందింది కొనే బదులు, కొన్ని నెలలు చూసి, సంక్రాంతి దాటాక నాకు నచ్చిన బేరానికి కొన్నాను.

కరెంటు లెక్క

కొత్తది కొంటే కరెంటు బిల్లు ఆదాతోనే దాని ఖర్చు వచ్చేస్తుందని చాలామంది చెబుతారు. ప్లగ్ మీటర్ ఒకటి తెచ్చి కొలిచి చూశాను. పాత పెట్టె నాలుగు డిస్కులతో ఖాళీగా ఉన్నప్పుడే 68 వాట్లు లాగుతోంది. అంటే నెలకు 49 యూనిట్లు. ఇప్పుడున్నది రెండు డిస్కులతో 26 వాట్లు, నెలకు 19 యూనిట్ల లోపే. ముప్పై యూనిట్లు తేడా.

వాటికి ఏ రేటు వేయాలన్నది ఇంకో ప్రశ్న. మన బిల్లు శ్లాబుల్లో ఉంటుంది. 2022-23 టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. సర్వర్ ఆపేస్తే తగ్గేది పై శ్లాబులోని యూనిట్లు కాబట్టి సగటు రేటు కాకుండా మీ ఇంటి పై శ్లాబు రేటే వేసుకోవాలి. ఏసీ నడిచే నెలల్లో మాకు నెలకు 265 రూపాయలు మిగులుతుంది, మిగతా నెలల్లో 180. ఏడాదికి రమారమి 2,600. సర్దుబాటు చార్జీలు కలిపితే ఇంకాస్త. పదిహేను వేల పెట్టె మీద అది తిరిగి రావాలంటే దగ్గర దగ్గర ఆరేళ్ళు. కాబట్టి ఒక్క కరెంటు కోసమే మార్చాలనుకునేవాళ్ళు ఆగండి. పాత పెట్టెలోనే నాలుగు చిన్న డిస్కులు తీసి రెండు పెద్దవి పెడితే పది వాట్లు తగ్గుతాయి.

వాట్లు తగ్గితే ఇన్వర్టర్ మీద భారం కూడా తగ్గుతుంది. నాకు అది బిల్లు కన్నా ఎక్కువ ఊరట. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఆ 42 వాట్లు ఒక ఫ్యానుకి పనికొస్తాయి.

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ పెట్టెలు

నేను కొన్నది ఇదే. మీలో ఎక్కువమందికి చెప్పేదీ ఇదే. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పెట్టెలు. గవర్నర్‌పేటలోనూ దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఎంపిక చాలా ఎక్కువ. ఇవి పగలంతా ఆఫీసులో నడవడానికి తయారైనవి, గట్టివి.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారిక మద్దతు. దాంతో ఆరు, ఏడు తరాల ఆఫీసు పెట్టెలకి గిరాకీ పడిపోయింది. మన సర్వర్‌లో నడిచేది డెబియనో, ప్రాక్స్‌మాక్సో, ఓపెన్‌మీడియావాల్టో. లైనక్స్ రకాలైన వాటికి ఈ పట్టింపు లేదు. అందుకే ఏడో తరం ఐ5 ఇప్పుడు నిజంగా చవక సరుకు. ఆరుకీ ఏడుకీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోల్ని, తక్కువ చోటులో దాచే పద్ధతి అయిన హెచ్ఈవీసీలో తీస్తాయి. మా పాత నాలుగో తరానికి దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు, అందుకే ఇంటి వీడియోల్ని టీవీలో చూపే జెల్లీఫిన్‌లో పెళ్ళి వీడియో పెడితే ఫ్యాను అరిచేది. ఆరో తరం 8 బిట్ హెచ్ఈవీసీ వరకు విప్పుతుంది, ఏడో తరం 10 బిట్ కూడా. రెండూ ఒకే ధరకి వస్తుంటే ఏడు తీసుకోండి. నాలుగైదు వేలు ఎక్కువ పెట్టగలిగితే ఎనిమిదో తరం ఐ5 8500లో ఆరు కోర్లు వస్తాయి. నాకు ఇమ్మిచ్ ముఖాలు గుర్తుపట్టే పనికి కోర్లు కావాలి, అందుకని అది తీసుకున్నాను.

సైజు విషయంలో పొరబడొద్దు. అరచేతిలో పట్టే మైక్రో మోడల్ ముచ్చటగా ఉంటుంది గానీ అందులో పెద్ద డిస్కు పట్టదు. డిస్కు బయట యూఎస్‌బీ పెట్టెలో పెట్టాల్సి వస్తుంది. ఆ కేబుల్ కదిలినా, మధ్యలోని చిప్పు తడబడినా డిస్కు మాయమవుతుంది. కొన్ని పెట్టెల్లో స్మార్ట్ వివరాలు (డిస్కు ఆరోగ్యం) కూడా కనిపించవు. రోజంతా నడిచే సర్వర్‌కి అది నాకు నచ్చని ఏర్పాటు. కాస్త పెద్దదైన ఎస్ఎఫ్ఎఫ్ (స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్) రకం అడగండి. కొన్నింటిలో ఒక 3.5 అంగుళాల డిస్కే పడుతుంది, కొన్నింటిలో రెండు. మూత తీయించి కళ్ళారా చూసుకున్నాకే డబ్బులివ్వండి.

షాపులో నేను చూసినవి ఇవీ. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందా? పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే ఉండిపోతే ఆ పెట్టె మనకి వద్దు. కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఉందా? ఊళ్ళో లేనప్పుడు దాని విలువ తెలుస్తుంది. సాటా పోర్టులు ఎన్ని? ఇక ఎస్ఎంపీఎస్. ఈ పెట్టెల్లో చాలావాటికి కంపెనీ సొంత ప్లగ్గులే ఉంటాయి, బజార్లో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ పట్టదు. "అన్నా, దీనికి స్పేర్ ఎస్ఎంపీఎస్ ఎంత, ఎన్ని రోజుల్లో తెప్పిస్తావ్?" అని బేరానికి ముందే అడిగాను. "మన దగ్గరే ఉంటది సార్, రేపొచ్చి తీసుకోండి" అని తడుముకోకుండా చెప్పాడు. అలా చెప్పగలిగిన షాపులోనే కొన్నాను. ఇంకోటి: 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. తర్వాత వేసుకుందాం అనుకోకుండా కావాల్సిన ర్యామ్‌తో కలిపే బేరం ఆడండి.

మిగతా దారులు

మీ మొత్తం డేటా 2 టీబీ లోపే అయితే నా మాట మారుతుంది. ఇంటెల్ ఎన్100 మినీ పీసీ తీసుకుని, లోపల పెద్ద ఎస్ఎస్‌డీ వేసుకోండి. 2023లో వచ్చిన ప్రాసెసర్ అది, నాలుగు కోర్లు, టీడీపీ (కంపెనీ చెప్పే వాట్ల లెక్క) 6 వాట్లు. హెచ్ఈవీసీనే కాదు, ఏవీ1 అనే కొత్త వీడియో పద్ధతిని కూడా హార్డ్‌వేర్‌లో విప్పుతుంది. చప్పుడు ఉండదు, టీవీ వెనక పట్టేస్తుంది. ఇంటెల్ అధికారికంగా చెప్పే ర్యామ్ హద్దు 16 జీబీ, ఇంటికి అది చాలు. రెండు జాగ్రత్తలు. ఫ్యాను లేని మోడల్ బెజవాడ వేసవికి వద్దు. ఎన్నడూ వినని పేరున్న పెట్టెకి అడాప్టర్ పోతే ఎవరిస్తారో ముందే కనుక్కోండి.

నాస్ పెట్టె సంగతి. సైనాలజీలాంటివాటికి డబ్బు ఎక్కువే, పైగా డిస్కులు విడిగా కొనాలి. అదే డబ్బుకి ఇంకా బలమైన ప్రాసెసర్ బయట దొరుకుతుంది. పైగా ఏది ఉంచాలో ఏది తీసేయాలో కంపెనీ చేతిలో ఉంటుంది. 2025లో సైనాలజీ కొత్త ప్లస్ మోడళ్ళలో బయటి కంపెనీల డిస్కుల మీద ఆంక్షలు పెట్టింది, కొన్నవాళ్ళు గట్టిగా అడిగాక అదే ఏడాది అక్టోబరులో సడలించింది. అయినా ఒక రకం ఇంటికి నేను నాస్‌నే చెబుతాను. లైనక్స్ తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉండి, ఆయన నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగే ఇల్లు. మా ఆవిడ ఒకసారి అడిగింది, "మీరు లేనప్పుడు ఇది ఆగిపోతే పిల్లల ఫొటోలు నేనెలా తీసుకోవాలండీ?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఒక నోట్‌బుక్‌లో పాస్‌వర్డులు, ఏ డిస్కులో ఏముందో, ఎలా తెరవాలో తెలుగులో రాసి బీరువాలో పెట్టాను. ఆవిడ చేత ఒకసారి తెరిపించి చూశాను కూడా. మీ ఇంట్లో ఆ పని కుదరదనుకుంటే నాస్‌కి పెట్టే అదనపు డబ్బు వృథా కాదు.

రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటర్‌ని ప్రధాన సర్వర్‌గా వద్దంటాను. అడాప్టర్, కేసు, ఎస్ఎస్‌డీ బోర్డు అన్నీ కలిపేసరికి ఎన్100 ధర దగ్గరికి వచ్చేస్తుంది. వీడియోని ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ కూడా అందులో లేదు. దానికి వేరే మంచి పని ఉంది, కింద చెబుతాను.

డిస్కులు

పెట్టె కన్నా ఇక్కడ ఎక్కువ డబ్బు పెట్టండి. కొనే ముందు అది సీఎంఆరా ఎస్ఎంఆరా అని అడగండి. డిస్కు మీద ట్రాకులు రాసే రెండు పద్ధతులవి. సీఎంఆర్‌లో అవి విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, తిరగ రాయాలంటే పక్కవాటినీ రాయాలి. ఒక్కసారి రాసి దాచుకునే బ్యాకప్‌కి పరవాలేదు. కొన్ని డిస్కుల్ని కలిపి వాడే రెయిడ్‌లో, ముఖ్యంగా జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థలో, పోయిన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు నత్తనడక నడుస్తాయి, ఒక్కోసారి మధ్యలోనే చేతులెత్తేస్తాయి. కొన్ని డబ్ల్యూడీ రెడ్ మోడళ్ళు ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఇప్పుడు డబ్ల్యూడీ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్. నేను 8 టీబీవి రెండు తీసుకుని మిర్రర్ చేశాను, అంటే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ ఉంటుంది. రెండూ ఒకే రోజు, ఒకే షాపులో కొనలేదు. ఒకే లాట్‌లోవి ఒకే సమయానికి జబ్బుపడితే మిర్రర్ ఉన్నా లాభం లేదు.

డిస్కులకి వేడి సరిపడదు. అటక మీద పెట్టొద్దు, దాని పైనే కాలే శ్లాబు ఉంటుంది. మే నెలలో మాది అటక మీద 54 డిగ్రీలు చూపించింది. కిందికి దించి, హాల్లో గోడకి జానెడు ఎడంగా పెట్టాక 45 దాటలేదు. వెనక ఉన్న ఖాళీ స్లాట్లకి జాలీ బిగించండి. బల్లి ఎస్ఎంపీఎస్‌లో దూరితే అది పోవడమే కాక బోర్డునీ తీసుకుపోవచ్చు.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అనుకోకండి. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే ఆ రెప్పపాటులోనే సర్వర్ ఆగిపోవచ్చు. చాలావాటికి వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. అప్పుడూ ఆగితే యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టి, కేబుల్‌తో సర్వర్‌కి కలపండి. బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ పద్ధతిగా మూసుకుంటుంది.

వరద నేర్పిన కొనుగోలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా పిన్ని వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్. మనుషులు పైఅంతస్తుకి ఎక్కి బయటపడ్డారు. రోజుల తరబడి ఇల్లు నీళ్ళలో ఉంది. కంప్యూటరూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఉన్నాయి. బాబాయి పోయాక మిగిలిన ఫొటోలన్నీ ఆ రెండింటిలోనే ఉండేవి. బురద కడిగి డిస్కు తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, "ఏమైనా వస్తుందేమో చూడు నాయనా" అంది. రాలేదు. డేటా రికవరీ వాళ్ళూ కాదన్నారు.

మిర్రర్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఇంట్లో ఉన్న బ్యాకప్ నీళ్ళకీ, నిప్పుకీ, దొంగకీ బ్యాకప్ కాదు. మీ దగ్గర పదివేలే ఉంటే సర్వర్ మార్చకండి, ఇంకో ఇంట్లో ఒక కాపీ పెట్టండి. నా వరస ఇదే: ముందు బయటి కాపీ, తర్వాత డిస్కులు, ఆఖర్న పెట్టె.

మాది గుంటూరు బ్రాడీపేటలో అక్క వాళ్ళింట్లో, రెండో అంతస్తులో ఉంది. అక్కడ పనికొచ్చింది రాస్ప్‌బెర్రీ పై. చేయాల్సిందల్లా రాత్రి పూట వచ్చే కాపీ రాసుకోవడం, అక్క బిల్లు మీద భారం పడనంత తక్కువ కరెంటుతో. పై 5 కొంటే దాని 5 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరే కొనండి. మామూలు 3 ఆంపియర్లది పెడితే యూఎస్‌బీ పోర్టులకి ఇచ్చే కరెంటుని 600 మిల్లీ ఆంపియర్లకి తగ్గించేస్తుంది, పోర్టబుల్ డిస్కు సరిగా తిరగకపోవచ్చు. చాలా ఇళ్ళ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే చిరునామా) ఉండదు కాబట్టి రెండిళ్ళనీ, ఇంటర్నెట్ మీదుగా సొంత లైను వేసే టెయిల్‌స్కేల్‌తో కలిపాను. కాపీ తీసేది రెస్టిక్ అనే ప్రోగ్రాం. ఇక్కడే తాళం వేసి పంపుతుంది, అక్కడ డిస్కు ఎవరి చేతిలో పడ్డా ఏమీ కనబడదు.

మొదటి కాపీ మాత్రం ఇంటర్నెట్‌లో పంపకండి. సెకనుకు 100 మెగాబిట్ల వేగం నిలకడగా దొరికినా ఒక టీబీకి 22 గంటలు పడుతుంది. మాది మూడు టీబీ. ఇంట్లోనే డిస్కులోకి కాపీ చేసి, సంచిలో పెట్టుకుని, నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కాను. ఆ రోజు నుంచి రాత్రికి వెళ్ళేది ఆ రోజు మారినవి మాత్రమే.

మార్చే రోజు

పాత డిస్కులు జెడ్ఎఫ్ఎస్‌లో గానీ లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో గానీ ఉంటే కొత్త పెట్టెకి తగిలించగానే గుర్తుపట్టించవచ్చు. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు మీద ఉంటే ఆ కార్డు కూడా వెంట రావాలి, అది పోయిందంటే అలాంటిదే వెతకాలి. ఇది పాత పెట్టె బతికుండగానే చూసుకోండి. నేను పాతదాన్ని నడుపుతూనే నెట్‌వర్క్ కేబుల్ మీదుగా కొత్తదానికి కాపీ చేశాను. తర్వాత ఫైళ్ళని రెండు చోట్లా, ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే అంకె అయిన చెక్‌సమ్‌తో సరిచూశాను. ఫొటోల ఫోల్డరు ఒక్కటే కాపీ చేస్తే చాలదు. ఇమ్మిచ్ డేటాబేస్‌ని కూడా తీసుకురావాలి, లేకపోతే ఆల్బమ్‌లు, పేర్లు పెట్టిన ముఖాలు పోతాయి.

గుంటూరు కాపీ నుంచి ఒక ఫోల్డరు వెనక్కి తెప్పించి చూశాను. 1987లో నాన్నగారు తెనాలి నుంచి అమ్మకి రాసిన ఇన్‌లాండ్ లెటర్ స్కాను తెరుచుకుంది.

పాత నాలుగు డిస్కుల్ని రెండు నెలలు ముట్టుకోలేదు. ఇప్పుడు బాగున్న రెండింటిలో పిన్నికి, బంధువుల ఫోన్ల నుంచి ఏరిన బాబాయి ఫొటోలు చేరుస్తున్నాను. ఒకటి ఆవిడ దగ్గర, ఇంకోటి మా ఇంట్లో ఉంటుంది.